పేషీకి ఎంత దూరం?

రైతు ఇంట పుట్టి, తెలుగులో చదివి, దేశ ప్రధాన న్యాయమూర్తి పీఠం ఎక్కారు జస్టిస్ నూతలపాటి వెంకటరమణ. ఆయన ఇచ్చిన తీర్పుల మీద, ఇవ్వని తీర్పుల మీద ఢిల్లీలో చర్చ ఇంకా ముగియలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కోర్టుల ముందు నిలబడి చూస్తే మాత్రం ఆ పదవీకాలం లెక్క వేరేగా తేలుతుంది.

సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. కలెక్టరు వచ్చారు, ఎస్పీ వచ్చారు, ఆఫీసుల బోర్డులు మారాయి. ప్రధాన జిల్లా కోర్టు మాత్రం నల్లగొండలోనే ఉండిపోయింది. రెవెన్యూ లెక్కలో ఒక జిల్లా, న్యాయం లెక్కలో ఇంకో జిల్లా! అయిదేళ్లు దాటి ఇదే తంతు.

కోదాడ అవతలి పల్లె నుంచి బయల్దేరే రైతుకు అదెంత పనో ఊహించుకోవచ్చు. తెల్లవారకముందే బస్సెక్కాలి. సూర్యాపేటలో దిగి నల్లగొండ బస్సు పట్టుకోవాలి. పదిన్నరకల్లా కోర్టు వరండాలో ఉండాలి. పేరు పిలిచినప్పుడు పలకకపోతే వారంటు భయం. చివరికి మధ్యాహ్నం పూట వకీలు సాబ్ బయటికొచ్చి ‘వాయిదా పడ్డది, మళ్లా నెల రావాలె’ అంటాడు. దారి ఖర్చు, పోయిన కూలి, వెంట తెచ్చుకున్న సాక్షికి పెట్టించిన భోజనం ఏ తీర్పులోనూ లెక్కకు రావు. కేసు గెలిచినవాడికీ అవి తిరిగి రావు.

2022 జూన్ 2న, తెలంగాణ అవతరణ దినం నాడు, ఈ తిరుగుడు కొంత తగ్గింది. రాష్ట్రంలో 32 జ్యుడీషియల్ జిల్లాలు ఒక్కసారిగా మొదలయ్యాయి. సూర్యాపేటకు తన జిల్లా జడ్జి వచ్చారు. వాటిని ప్రారంభించిన ప్రధాన న్యాయమూర్తిది ఎక్కడో దూరపు ఊరు కాదు. కోదాడ దాటి అదే రహదారి మీద ముందుకు పోతే తగిలే నందిగామ ప్రాంతమే.

పాలేరు అవతలి ఊరు

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద కోదాడ దాటితే రామాపురం క్రాస్ రోడ్డు వస్తుంది. అక్కడితో తెలంగాణ అయిపోతుంది. పాలేరు దాటితే గరికపాడు, ఆంధ్రప్రదేశ్. మ్యాపు మీద ఇది గట్టి గీతే గానీ, మనుషులకు ఎప్పుడూ పలచనే. కోదాడ పక్కనున్న మునగాల పరగణా నిజాం రాజ్యం మధ్యలో ఉండి కూడా కృష్ణా జిల్లాలో భాగంగా, మద్రాసు ప్రెసిడెన్సీ కింద నడిచింది. 1959లో గానీ నల్లగొండ జిల్లాలో కలవలేదు. ఈ నేల మీద పెళ్లి సంబంధాలు, పొలం తగాదాలు రెండూ ఎప్పటినుంచో సరిహద్దు దాటి నడుస్తున్నవే.

ఆ అవతలి వైపున, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా వీరులపాడు మండలంలోని పొన్నవరంలో 1957 ఆగస్టు 27న రమణ పుట్టారు. వ్యవసాయ కుటుంబం. బడి చదువు ఆ ఊళ్లో, ఆ చుట్టుపక్కలే. ఇంగ్లీషు అక్షరాలు ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టానని తర్వాతి కాలంలో ఆయనే నిండు కోర్టులో చెప్పుకున్నారు. అది 2021 నవంబరు. ఢిల్లీ కాలుష్యం కేసు నడుస్తోంది. తాను మంచి వక్తను కానని, భాష ఆలస్యంగా వచ్చిందని దేశ ప్రధాన న్యాయమూర్తి అనగానే ఎదురుగా ఉన్న సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా తన సంగతీ అంతేనన్నారు. తెలుగు మీడియం నుంచి లా కాలేజీకి వెళ్లినవాళ్లకు ఆ మాట వెనక ఏముందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

కాలేజీ రోజుల్లో విద్యార్థి నాయకుడు. ఎమర్జెన్సీ వచ్చింది, చదువులో ఒక ఏడాది పోయింది. సైన్సు డిగ్రీ చేశాక 1979–80లో కొంతకాలం ‘ఈనాడు’లో విలేకరిగా పనిచేశారు. తర్వాత నాగార్జున విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం. 1983 ఫిబ్రవరి 10న న్యాయవాదిగా నమోదయ్యారు. ఇంట్లో అంతకుముందు నల్లకోటు వేసినవాళ్లు లేరు. మున్సిఫ్ కోర్టులో జూనియర్‌గా చేరే ప్రతి మొదటితరం వకీలుకూ తెలిసిన కథే ఇది: సీనియర్ ఆఫీసులో కుర్చీ దొరకడమే మొదటి గెలుపు.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో, పరిపాలనా ట్రిబ్యునళ్లలో వాదించారు. రైల్వేకు స్టాండింగ్ కౌన్సిల్‌గా, రాష్ట్రానికి అదనపు అడ్వొకేట్ జనరల్‌గా ఉన్నారు. 2000 జూన్ 27న అదే హైకోర్టులో న్యాయమూర్తి అయ్యారు. 2013లో కొద్ది నెలలు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. ఆ సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లారు. 2014 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టులో అడుగుపెట్టారు. 2021 ఏప్రిల్ 24న భారత 48వ ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. 1966–67లో ఆ పీఠం మీద కూర్చున్న కోకా సుబ్బారావు తర్వాత తెలుగువాళ్లలో మళ్లీ ఈయనే. మధ్యలో యాభై ఏళ్లు దాటిపోయాయి.

ఆ ఇల్లాలు తెలుగులో చెప్పింది

2021 జులై 28. కొవిడ్ కాలం కాబట్టి విచారణ వీడియోలోనే. గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక జంట కేసు. రెండు దశాబ్దాలుగా నలుగుతున్న వేధింపుల వ్యవహారం. భర్తకు పడిన జైలుశిక్షను హైకోర్టు తగ్గించింది. శిక్ష చాలదు, పెంచాలని భార్య సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఆమె తన మాట చెప్పుకోవాలి. ఇంగ్లీషు రాదు, తడబడుతోంది. తెలుగులోనే చెప్పమన్నారు జస్టిస్ రమణ. ఆమె చెబుతుంటే పక్కనున్న జస్టిస్ సూర్యకాంత్‌కు తానే అనువదించారు. తర్వాత ఆమెకు లెక్క విప్పి చెప్పారు: భర్త ప్రభుత్వోద్యోగి. జైలుకు పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నెలనెలా నీకొచ్చే భరణం ఎక్కడినుంచి వస్తుంది? ఆమె ఆలోచించుకుంది. తననూ, కొడుకునూ సరిగా చూసుకుంటానంటే కలిసి ఉండటానికి సిద్ధమేనంది. ఇద్దరినీ అఫిడవిట్లు వేయమన్నారు.

వేధింపుల కేసులో కోర్టు రాజీ వైపు నడపడం సరైనదేనా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోతుందన్న భయం మీద కుదిరిన రాజీ ఎంత బలమైనదో ఆ ఇంటికే తెలియాలి. కానీ ఆ రోజు జరిగినదాంట్లో ఇంకో సంగతి ఉంది. ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి, తన కేసు ఏ మలుపులో ఉందో, ఏం అడిగితే ఏమవుతుందో, తన భాషలో న్యాయమూర్తి నోటి నుంచే విన్నది. కింది కోర్టులో తెలుగు వినబడుతుంది. హైకోర్టుకు పోయేసరికి కక్షిదారు మూగవాడైపోతాడు. తన పేరు పిలిచారో లేదో కూడా పక్కవాళ్లను అడగాలి.

2022 ఏప్రిల్ 30న ముఖ్యమంత్రులు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తుల సమావేశంలో జస్టిస్ రమణ ఈ మాటే ఎత్తారు. హైకోర్టుల్లో స్థానిక భాషలకు చోటివ్వాల్సిన సమయం వచ్చిందన్నారు. కోర్టు వ్యవహారం పెళ్లిలో చదివే మంత్రాల్లా, అక్కడ కూర్చున్న చాలామందికి అర్థంకాని తంతులా ఉండకూడదని ఆయన వాదన. తలూపినవాళ్లు ఎక్కువ. తెలంగాణ హైకోర్టులో వాదనా తీర్పూ నేటికీ ప్రధానంగా ఇంగ్లీషులోనే.

ఈ ఉమ్మడి నల్లగొండ జిల్లాకు సుప్రీంకోర్టు కొత్త కాదు. సాయుధ పోరాటం రోజుల్లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్ష వేసిన రైతు బిడ్డల తరఫున, తమకు వకీలును పెట్టుకునే అవకాశం సరిగా దొరకలేదన్న వాదన 1951లోనే అక్కడిదాకా వెళ్లింది. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం అన్న ఆ కేసును లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. హైకోర్టు తీర్పు 1949 డిసెంబరులో వచ్చింది, రాజ్యాంగం 1950 జనవరి 26న వచ్చింది. అందుకని రాజ్యాంగం ఇచ్చిన అప్పీలు హక్కు వెనక్కి వర్తించదంది కోర్టు. కొద్ది వారాల తేడా అది. ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి గానీ, అది కోర్టు బయట జరిగిన పని. న్యాయానికి దూరం అంటే కిలోమీటర్లు మాత్రమే కాదని ఈ జిల్లా అప్పుడే చూసింది.

రోడ్డు మీద పోయిన ప్రాణం, ఇంట్లో చేసిన పని

అరవై ఐదో నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఏ కోర్టులోనైనా ‘ఎంవీఓపీ’ అన్న మాట రోజూ వినబడుతుంది. రోడ్డు ప్రమాద నష్టపరిహారం కేసు అది. పోయినవాళ్ల వయసు, సంపాదన, ఆధారపడినవాళ్ల సంఖ్య చూసి లెక్క కడతారు. పోయింది ఇల్లాలైతే బీమా కంపెనీ వకీలు లేచి ఒకటే అడుగుతాడు: ఆమెకు ఆదాయమేదీ?

2021 జనవరి 5న కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో జస్టిస్ రమణ విడిగా రాసిన తీర్పు ఈ ప్రశ్నకే జవాబు. 2014లో ఢిల్లీలో బండి మీద వెళ్తూ ప్రమాదంలో చనిపోయిన దంపతుల బిడ్డల కేసది. ఇంటిపని సంపాదన కాదన్న ఆలోచనను ఆయన గట్టిగా కొట్టేశారు. 2011 జనగణనలో తమ ముఖ్యమైన పని ఇంటిపనేనని చెప్పుకున్న ఆడవాళ్లు సుమారు 16 కోట్ల మంది, మగవాళ్లు 58 లక్షల లోపు. 2019 నాటి సర్వే ప్రకారం ఆడవాళ్లు ఇంటిపనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ఈ అంకెలు తీర్పులో ఉన్నాయి. వంట, నీళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, పల్లెల్లో అయితే పొలంలో నాటు, కోత, పశువులు కూడా ఇల్లాలి పనిలోనే వస్తాయని గుర్తుచేశారు. దానికి డబ్బు లెక్క కట్టడం దయ కాదు, సమానత్వం వైపు వేసే అడుగు అన్నది ఆయన తర్కం.

పెగాసస్ నిఘా కేసు మీద రాసినంతగా పత్రికలు ఈ తీర్పు మీద రాయలేదు. కానీ సూర్యాపేట లాంటి చోట ఎంవీఓపీ వాదించే వకీలు చేతికి ఎక్కువగా అక్కరకొచ్చేది ఇలాంటిదే.

పావురాల కోసం చూస్తున్నామా?

2021 జులైలో ఆగ్రా జైలు నుంచి ఒక వార్త వచ్చింది. సుప్రీంకోర్టు బెయిలిచ్చినా 13 మంది ఖైదీలు రోజుల తరబడి బయటికి రాలేదు. కారణం, ఉత్తర్వు కాగితం పోస్టులో రాలేదట. జస్టిస్ రమణ దాన్ని తనంతట తానే కేసుగా తీసుకున్నారు. ఈ కాలంలో కూడా ఉత్తర్వు తెచ్చే పావురాల కోసం ఆకాశం వైపు చూడాలా అని అడిగారు. 2022 మార్చి 31న ‘ఫాస్టర్’ అనే ఏర్పాటు మొదలైంది. బెయిలు ఉత్తర్వు సంతకాలతో సహా జైలుకు నేరుగా కంప్యూటర్ ద్వారా చేరుతుంది. జమానత్తు దొరికినా కొడుకు ఇంటికి రాలేదని సబ్‌జైలు గేటు దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులను చూసినవాళ్లకు దీని విలువ తెలుసు.

ఆయన పదవీకాలంలో నిలకడగా సాగింది ఈ రకం పనే. తెలంగాణ హైకోర్టులో న్యాయమూర్తుల సంఖ్యను 24 నుంచి 42కు పెంచాలన్న ప్రతిపాదన రెండేళ్లకు పైగా ఢిల్లీలో ఆగిపోయి ఉంది. 2021 జూన్‌లో, ఆయన ప్రధాన న్యాయమూర్తి అయిన కొద్ది వారాల్లోనే కదిలింది. ఆగస్టు 31న సుప్రీంకోర్టులో ఒకే రోజు తొమ్మిది మంది ప్రమాణం చేశారు. వాళ్లలో ముగ్గురు మహిళలు: హిమా కోహ్లి, బి.వి. నాగరత్న, బేలా త్రివేది. బార్ నుంచి నేరుగా వచ్చిన పి.ఎస్. నరసింహ తెలుగువారే. దేశం మొత్తమ్మీద హైకోర్టుల్లో ఆయన హయాంలో రెండు వందలకు పైగా నియామకాలు జరిగాయి.

2021 అక్టోబరు 23న ఔరంగాబాద్‌లో కేంద్ర న్యాయ మంత్రి సమక్షంలోనే ఆయన కోర్టుల దుస్థితి చదివి వినిపించారు. మంజూరైన 24,280 మంది కింది కోర్టు న్యాయాధికారులకు ఉన్న కోర్టు హాళ్లు 20,143. ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్డి లేని కోర్టు ప్రాంగణాలు 26 శాతం. శుద్ధమైన తాగునీరు ఉన్నవి 54 శాతమే. రాజ్యాంగ ధర్మాసనాల గురించి మాట్లాడే స్థాయి మనిషి మరుగుదొడ్ల లెక్క చదవడం కొందరికి చిన్నతనంగా కనిపించి ఉండొచ్చు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చునే ఆడ కక్షిదారును, నల్లకోటు వేసుకున్న జూనియర్ అమ్మాయిని అడిగితే తెలుస్తుంది అది ఎంత పెద్ద న్యాయ సమస్యో. ఈ పనుల కోసం జాతీయ స్థాయిలో ఒక సంస్థ పెట్టాలని ఆయన పట్టుబట్టారు. రాష్ట్రాలు ఒప్పుకోలేదు. అది పుట్టకుండానే ఆగిపోయింది.

రెండు రాష్ట్రాల మనిషి

మిర్యాలగూడ వరి, అక్కడి రైస్ మిల్లులు, కోదాడ పొలాలు అన్నీ నాగార్జునసాగర్ ఎడమ కాలువ పుణ్యమే. అదే కాలువ ఖమ్మం మీదుగా పాత కృష్ణా జిల్లా దాకా పోతుంది. పైన వదిలితేనే కింద పారకం. 2021 జులైలో శ్రీశైలం, సాగర్ నీళ్లతో తెలంగాణ కరెంటు తీస్తూ తమ వాటాకు గండి కొడుతోందని ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకెక్కింది. కేసు జస్టిస్ రమణ ముందుకే వచ్చింది.

ఆగస్టు 2న ఆయన చెప్పింది సూటిగా ఉంది: నేను రెండు రాష్ట్రాలకూ చెందినవాణ్ని. చట్టపరంగా తీర్పు చెప్పే పని నాకొద్దు. మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంటే సాయం చేస్తాను. ఆంధ్రప్రదేశ్ తీర్పే కావాలంది. రెండు రోజుల తర్వాత ఆయన తప్పుకొని, కేసును వేరే బెంచికి పంపారు. తెలుగువాడు పీఠం మీద ఉన్నాడు కాబట్టి మన కాలువకు మేలు జరుగుతుందని ఇటూ అటూ ఆశపడ్డవాళ్లు ఉండే ఉంటారు. అలాంటి ఆశకు తావివ్వకపోవడమే ఆయన ఆ రోజు చేసిన మంచి పని. మధ్యవర్తిత్వం మీద ఆయనకు గురి ఎక్కువ. అదే ఏడాది డిసెంబరు 18న హైదరాబాద్‌లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రాన్ని ప్రారంభించారు. ఆ తర్వాతి వారం సొంతూరు పొన్నవరం వెళ్తే ఊరివాళ్లు ఎడ్లబండి మీద ఊరేగించారు.

ఇచ్చినవి, ఇవ్వనివి

పెద్ద కేసుల లెక్క తీస్తే రెండు వైపులా బరువుంది. 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో, ఇంటర్నెట్‌ను గడువు లేకుండా ఆపేయడం కుదరదని, ఆపే ఉత్తర్వులను బయటపెట్టాలని ఆయన బెంచి చెప్పింది. కానీ కశ్మీరులో లైన్లు వెంటనే తెరిపించలేదు. 2021 అక్టోబరులో పెగాసస్ మీద జాతీయ భద్రత అన్నంత మాత్రాన కోర్టు నోరు మూసుకోదని చెప్పి, జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో నిపుణుల కమిటీ వేశారు. ఆ నివేదిక జనం ముందుకు పూర్తిగా రాలేదు. 2022 మే 11న 1870 నాటి రాజద్రోహ చట్టాన్ని పక్కన పెట్టించడం మాత్రం కళ్లకు కనబడే ఫలితం.

ఇవ్వనివాటిలో ముందు చెప్పాల్సింది 370 అధికరణం రద్దు మీది కేసు. 2020 మార్చిలో దాన్ని పెద్ద బెంచికి పంపనక్కర్లేదని తేల్చిన అయిదుగురిలో పెద్ద ఆయనే. ఆ తర్వాత ఆయన దిగిపోయేదాకా అసలు విచారణ సాగలేదు. చివరికి 2023 డిసెంబరులో ఇంకో ప్రధాన న్యాయమూర్తి కాలంలో తీర్పొచ్చింది. ఎన్నికల బాండ్లదీ అదే దారి. ఆలస్యం కూడా ఒక రకం తీర్పేనన్న విమర్శకుల మాటను తోసిపుచ్చలేం.

జస్టిస్ రమణ మీద ఆరోపణలూ వచ్చాయి. 2020 అక్టోబరులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి, రాష్ట్ర హైకోర్టు వ్యవహారాల్లో జోక్యం, అమరావతి భూముల సంగతులు ఆరోపిస్తూ అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డేకు లేఖ రాశారు. దాన్ని బయటపెట్టారు కూడా. అంతర్గత విచారణ తర్వాత ఫిర్యాదును తోసిపుచ్చినట్లు సుప్రీంకోర్టు 2021 మార్చి 24న ప్రకటించింది. తదుపరి ప్రధాన న్యాయమూర్తిగా రమణ పేరును బోబ్డే సిఫార్సు చేసిందీ ఆ రోజే. అంతర్గత విచారణ వివరాలు బయటికి రావు. అది ఆ పద్ధతిలోనే ఉన్న లోటు. ఆరోపించినవాళ్లకూ, ఆరోపణ ఎదుర్కొన్నవాళ్లకూ, చూసే జనానికీ అందులో పూర్తి జవాబు దొరకదు.

2022 ఆగస్టు 26 ఆయన ఆఖరి పనిదినం. ఆ రోజు సుప్రీంకోర్టు ఒకటో నంబరు హాలు కార్యక్రమం వెబ్‌లో ప్రత్యక్షంగా జనం చూశారు. సీనియర్ న్యాయవాది దుష్యంత్ దవే కంటతడి పెట్టుకున్నారు. జస్టిస్ రమణ మాత్రం ఒక క్షమాపణ చెప్పారు. ఏ కేసు ఎప్పుడు ఏ బెంచి ముందుకు రావాలన్న విషయం మీద సరిగా దృష్టి పెట్టలేకపోయానని, అందుకు విచారిస్తున్నానని అన్నారు. కోదాడ మున్సిఫ్ కోర్టులోనైనా, సుప్రీంకోర్టులోనైనా కక్షిదారు బాధ ఒక్కటే: నా పేషీ ఎప్పుడు?

పీఠం దిగాక మిగిలేది

పదహారు నెలల పదవీకాలం పెద్దది కాదు. తీర్పును తర్వాతి బెంచి మార్చొచ్చు. చట్టాన్ని పార్లమెంటు ఇంకో పేరుతో తేవచ్చు. రాజద్రోహం విషయంలో విమర్శకులు ఇప్పుడంటున్నదీ అదే: కొత్త న్యాయసంహితలో అది వేరే మాటలతో మళ్లీ చేరిందని. కానీ ఒకచోట కోర్టు పెట్టాక దాన్ని ఎత్తేయడం అంత తేలిక కాదు. అందుకే ఈ రహదారి మీది పల్లెలకు జస్టిస్ రమణ వదిలివెళ్లిన వాటిలో ఎక్కువకాలం నిలిచేది పెగాసస్ ఉత్తర్వు కాదు, సూర్యాపేట జిల్లా కోర్టు.

అయితే కోర్టు దగ్గరికొచ్చినంత మాత్రాన కేసు తొందరగా తెమలదు. కుర్చీలో జడ్జి ఉండాలి, బదిలీ అయితే ఆ స్థానం నెలల తరబడి ఖాళీగా ఉండకూడదు. స్టెనో, బెంచ్ క్లర్క్, నకళ్లు ఇచ్చే సిబ్బంది ఉండాలి. పిలిచిన రోజు పోలీసులు సాక్షిని తేవాలి. ఊరికే వాయిదా అడిగే వకీలుకు వాయిదా దొరకకూడదు. ఇవేవీ ఢిల్లీలో కూర్చున్న ఒక్క మనిషి చేయగలిగినవి కావు. హైకోర్టు, రాష్ట్ర ప్రభుత్వం, స్థానిక బార్ అసోసియేషన్ ముగ్గురూ చేయాల్సిన పనులు. కోదాడ రైతుకు నల్లగొండ బస్సు తప్పింది, మంచిదే. సూర్యాపేటకు ఎన్నిసార్లు తిరగాలన్నదానికి ఇక ఈ ముగ్గురే జవాబు చెప్పాలి.